కోబాల్ సునీత, కదిరి వేరుశనగ మిల్లు

2023 వేసవి. కదిరిలో వేరుశనగ మిల్లులకు ప్రోగ్రాములు రాసిపెట్టడం నా వృత్తి. పదో తరగతి తప్పినవాణ్ణి. ఫాక్స్‌ప్రో అనే పాత కంప్యూటర్ భాషను చేతికందిన పుస్తకాలతో నేనే నేర్చుకుని, ముప్పై ఏళ్లు దాని మీదే బతికాను.

మా వీధి సునీత బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేది. తొమ్మిదేళ్లుగా ఆమె పని కోబాల్‌లో, అంటే బ్యాంకుల లెక్కలు నడిపే మరో పాత భాషలో. మూడు నెలల్లో ఆ ప్రాజెక్టు మూసేస్తామనీ, ఈలోగా కొత్తది నేర్చుకుని ఇంకో టీమ్ ఇంటర్వ్యూలో నెగ్గకపోతే ఉద్యోగం ఉండదనీ కంపెనీ చెప్పింది.

"రెండు కోర్సులు చూసినా మామా. పాఠం చూస్తాంటే అంతా తెలిసినట్టే ఉంటాది. మూసేసి రాద్దామంటే చెయ్యి ఆడదు. ఈ తొమ్మిదేండ్లూ దండగైపోయినాయి."

నాకు ఒళ్లు మండింది. "దండగని ఎవురు చెప్పినారు పాపా? ఆ కోర్సులు అమ్మేటోడా? నీకేమీ తెలీదని నువ్వు నమ్మితేనే గదా వానికి గిట్టుబాటు! వీడియోలు కట్టిపెట్టు. నేను మిల్లుకు రాసిచ్చిన ప్రోగ్రాము ఉండాది. దాన్ని ఇప్పటి భాష పైథాన్‌లో తిరగరాయి. ఓబులేసు దాంతో తూకం చీటీలు తీయాల."

ఓబులేసు ఆ మిల్లు గుమాస్తా. సునీత రోజూ పొద్దున రెండు గంటలు అతని పక్కన కూర్చుని, ఆ తర్వాత ఉద్యోగం చూసుకునేది. ఒకరోజు నన్ను మిల్లుకు పిలిచింది.

"మామా, ఈ లైను ఎందుకు రాసినావు? సంచికి కిలో తీసేస్తాండాది."

"గోనెసంచి బరువు. కాయల తూకంలోంచి తీసేయొద్దా?"

"ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్ సంచులు గదా. కిలో యాడుంటాది?"

నేను ఓబులేసు వైపు చూశాను. అతను చీటీల కట్ట ముందుకు తోశాడు. ప్రతి చీటీ మీదా నా లెక్క కొట్టేసి, పెన్నుతో సరైన తూకం రాసి ఉంది.

"ఎన్నాళ్ల నుంచప్పా ఇది?"

"చానా ఏండ్లాయ అన్నా. చెప్తే ఎగిరిపడతావని నేనే దిద్దుకుంటాండా."

సునీత నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ పూట ఎగిరిపడడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆమె పైథాన్ పట్టుకుని అప్పటికి నెల కూడా కాలేదు. కానీ బ్యాంకు ప్రోగ్రాములో ఒక్క లైను ముట్టుకోవాలన్నా, అది ఎందుకుందో ముందు తెలుసుకోవాలి. తొమ్మిదేళ్లు ఆమె చేసింది అదే.

ఏం తయారుచేశావని ఇంటర్వ్యూలో అడిగితే ఆమె ఈ సంచుల సంగతే చెప్పింది. పాత బ్యాంకు ప్రోగ్రాములను కొత్త భాషలోకి మార్చే టీమ్ ఆమెను తీసుకుంది.

కొత్త టెక్నాలజీకి మారాలనుకునేవాళ్లు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. ఉద్యోగం చేతిలో ఉండగానే మొదలుపెట్టమంటాను. ఎవరో ఒక మనిషి నిజంగా వాడే పని ఒకటి చేసి చూడమంటాను. కొత్త భాష నెలల్లో వస్తుంది. ఎక్కడ అనుమానపడాలో తెలియడానికే ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు మీ దగ్గర ఉన్నాయి, దండగన్నవాడి మాట విని పారేసుకోకండి.