తువ్వాలు కింద ఇంజెక్షన్ బేరం

ఈ రోజు నా కీళ్లవాతానికి కర్నూలులో డాక్టరుకు చూపించుకున్నాను. తోడుగా మా మరిది సుబ్బయ్య వచ్చాడు. పత్తికొండ వైపు సంతల్లో ఎద్దుల బేరాలు కుదర్చడం అతని పని. అక్కడ ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకుంటారు.

రోజూ మాత్ర వేసుకుంటున్నా పొద్దున లేస్తే నా వేళ్లు వంగవు. జడ కోడలు వేయాల్సిందే. అందుకని డాక్టరు బయలాజిక్ ఇంజెక్షన్లని కొత్తరకం మందులు రెండు చెప్పాడు. ఒకదాని ఖరీదుతో మా ఇంట్లో ఏడాది గడుస్తుంది. రెండోది అందులో సగం.

"ఏది బాగా పనిచేస్తుంది నాయనా?" అన్నాను.

"రెండూ ఇంచుమించు ఒకటేనమ్మా."

అంతే, మరిది భుజం మీది తువ్వాలు డాక్టరు చేతిమీద కప్పి, వేళ్లు పట్టుకున్నాడు. డాక్టరు అదిరిపడి చెయ్యి లాక్కున్నాడు.

"రెండెద్దులూ ఒకే తీరు దున్నితే ఒకదానికి రెట్టింపు ఎట్ల అడుగుతావు సార్? ఇంగా తక్కువది యాడన్నా ఉండాదేమో సూడు," అన్నాడు మరిది.

డాక్టరు నవ్వేశాడు. "ఉంది. మీ మాత్రకు ఇంకో రెండు పాత మాత్రలు కలిపితే చాలామందికి గుణమిస్తుంది. ముందు అవే వాడి చూద్దాం."

"ఆ మాట ముందే చెప్పలేదేం?"

"మీరు అడగలేదు కదమ్మా!"

తిరుగు బస్సులో మరిది దళారీ కమీషన్ కింద కాఫీ ఇప్పించమన్నాడు. ఇప్పించాను.

అడిగితేనే బయటికొచ్చే మందులు ఇంకేమున్నాయో తెలిసినవాళ్లు కింద రాయండి. నా జవాబు ఆలస్యమైతే ఏమీ అనుకోకండి. ప్రస్తుతానికి ఒక్క వేలే మాట వింటోంది.