కోసిన కాయ ఆగదు

మిరపకాయల లారీలు మార్కెట్ యార్డు ముందు బారులు తీరే రోజులివి. మా ఆస్పత్రి మూడో అంతస్తులో కిటికీ తెరిస్తే చాలు, ఘాటు గొంతులో పడుతుంది. అందరూ దగ్గుతూ తిట్టుకుంటారు. నాకు మాత్రం ఎక్కడలేని హుషారు వస్తుంది. ఇలాంటి ఘాటులోనే రహీమా సిస్టర్ నాకు ఈ పని నేర్పారు.

ఆవిడది కనిగిరి. కాలేయ మార్పిడి వార్డుకు హెడ్ నర్సు. పొట్టి మనిషి, అయినా ఆవిడ నడిస్తే మేం పరిగెత్తాల్సి వచ్చేది. నేను చేరిన మొదటి వారమే గోడ గడియారం కింద నిలబెట్టి చెప్పారు. "దాత ఒంట్లోంచి తీసిన నిమిషం నుంచి లివర్‌కి గడువు మొదలైనట్టే. ఐసులో పెట్టినా వాడిపోతానే ఉంటది. మన పేషెంటు పాత లివర్ విడదీయడానికే గంటలు పడతది. అది వచ్చాక మనం లేవడం కాదమ్మాయ్, వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి." నేను తలూపానే గాని తలకెక్కించుకోలేదు.

పొదిలి దగ్గరి రైతు వెంకటేశ్వర్లు నెలల తరబడి లివర్ కోసం ఎదురుచూశాడు. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, ఇక రోజుల మీదికి వచ్చాడు. ఒక ఉదయం విజయవాడ నుంచి ఫోన్. దొరికిన లివర్ బాగుంది, తీస్తున్నారు. సంతకాలన్నీ అయ్యాక ఆయన్ని థియేటర్‌కు తీసుకెళ్లే పని సిస్టర్ నాకు అప్పగించారు. స్ట్రెచర్ కదిపేలోపు వాళ్ల అన్న క్యాలెండర్ చూసుకుని అడ్డం వచ్చాడు.

"వర్జ్యం నడుస్తా ఉందమ్మా. ముప్పావుగంట ఆగండి, మీకు పుణ్యముంటది."

మా నాన్న కూడా అంతే, వర్జ్యంలో విత్తనం పెట్టడు. ముప్పావుగంటకే కొంపలేం మునుగుతాయిలే అనుకుని సరేనన్నాను. నా దయాగుణానికి నేనే మురిసిపోయాను కూడా.

పావుగంటకు సిస్టర్ వచ్చి, కదలని స్ట్రెచర్‌నీ నన్నూ చూశారు. వర్జ్యాన్ని ఎగతాళి చేయలేదు. కాలితో స్ట్రెచర్ బ్రేకు తీస్తూ ఆ అన్నను అడిగారు.

"మీదేం పంటండీ?"

"మిరపేనమ్మా."

"కోసిన కాయని, వర్జ్యం పోయాక ఆరబోద్దామని గోతాల్లో కుక్కి ఉంచుతారా?"

"ఎట్టా ఉంచుతామమ్మా, తెల్లబడి తాలైపోదూ?"

"అక్కడ కోసేశారండీ. మీ తమ్ముడి లివర్ ఐసు పెట్టెలో వస్తా ఉంది."

క్షణంలో స్ట్రెచర్ లిఫ్టు దగ్గరుంది. తోస్తున్నది ఆ అన్నే. లిఫ్టులో సిస్టర్ మెల్లగా నాతో అన్నారు, "ఆ పావుగంట నీది కాదమ్మాయ్, పేషెంటుది. నువ్వెట్టా ఇచ్చేస్తావు?" సిగ్గుతో చచ్చిపోయాను.

చూసి నేర్చుకోమని ఆ రోజు నన్నూ థియేటర్‌లో ఉంచారు. కొత్త లివర్‌లోకి రక్తం వదలగానే ఆ పాలిపోయిన ముద్ద మా కళ్ల ముందే ఎర్రబడింది. కాసేపటికి బంగారు రంగులో పైత్యరసం చుక్క జారింది. లివర్ పని మొదలుపెట్టిందనడానికి అదే గుర్తు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వెంకటేశ్వర్లు ఈ ఏడు కూడా మిరప వేశాడు.

సిస్టర్ ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో నేనున్నాను. నిన్న ఉదయం మళ్లీ ఫోన్ మోగింది. పేషెంటు మేనమామ సెల్లులో పంచాంగం చూపిస్తూ స్ట్రెచర్‌కు అడ్డం నిలబడ్డాడు. బ్రేకు మీద కాలు పెట్టాను.

"మీదేం పంటండీ?"

"పత్తమ్మా."

"విచ్చిన పత్తి మీదికి మబ్బొస్తే ఏం చేస్తారు?"

ఆయన సెల్లు జేబులో పెట్టుకుని స్ట్రెచర్ రెండో కొస పట్టుకున్నాడు.