ముందు వాటా మామ్మ తలుపులు

నా చిన్నప్పుడు మేం మిషిగన్‌లో, నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. అక్కడ మంచు వింతేమీ కాదు. పొద్దున్న లేచేసరికి కారు తెల్లగా కప్పబడిపోయి ఉండేది. నాన్న గొణుక్కుంటూ పార తీసుకుని డ్రైవ్‌వే శుభ్రం చేసి ఆఫీస్‌కి వెళ్లేవారు. మంచంటే నాకు తెలిసింది అంతే. అది కాళ్ల కింద ఉండేది, బూట్లతో ఇంట్లోకి తెస్తే అమ్మ చేత చీవాట్లు పెట్టించేది. నెత్తి మీద కూడా ఉంటుందనీ, దానికి బరువుంటుందనీ నాకు తోచనేలేదు.

ఆ సంవత్సరం చలికాలం సెలవులకి ముందు మామయ్య ఐసు మీద జారిపడి కాలి మడమ విరగ్గొట్టుకున్నాడు. అమ్మకి ఒక్కడే తమ్ముడు. మాకు బాగా ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్లో ఎమ్మెస్ చేస్తున్నాడు. రూమ్మేట్లు సెలవులకి ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు, కట్టుకట్టిన కాలితో ఒక్కడే ఉన్నాడని తెలిసి అమ్మ ఆగలేదు. ఊరగాయ సీసాలు, కుక్కరు సర్దింది. నాన్న రోజంతా డ్రైవ్ చేసి మమ్మల్ని అక్కడ దింపి, మర్నాడు ఆఫీసుందని వెనక్కి వెళ్లిపోయారు.

ఆ ఊరి మంచు మా ఊరి మంచులా లేదు. రోడ్డుకి రెండు వైపులా నాకంటే ఎత్తు గోడల్లా నిలబడి ఉండేది. ఇళ్ల కప్పులు నిటారుగా, కొండ కొమ్ముల్లా ఉండేవి. నాకు ప్రశ్నలే ప్రశ్నలు. ఈ కప్పులెందుకింత నిటారు, ఆ ఇంటి చూరుకి ఐసు కడ్డీలు వేలాడుతుంటే పక్కింటికి ఎందుకు లేవు, కప్పు మీద మంచు ఎప్పుడు దిగుతుంది? అమ్మకి అవన్నీ విసుగు. "అన్నీ అడక్కే, కాస్త కుదురుగా కూచో" అనేది.

మామయ్య ఉండేది ఒక పాత చెక్క ఇంట్లో. ముందు వాటాలో ఇంటావిడ ఉండేది, వెనక వాటా స్టూడెంట్లకి అద్దెకిచ్చేది. ఆవిడ బాగా పెద్దావిడ, ఒంటరిది, పుట్టి పెరిగిందంతా అక్కడే. నేరుగా ఆంటీ అని పిలిచినా, మాలో మేం మాత్రం ఆవిణ్ణి 'ముందు వాటా మామ్మ' అనుకునేవాళ్లం. వెనక వాటా తర్వాతెప్పుడో కలిపి కట్టిందట. దాని కప్పు ముందు దానంత నిటారుగా లేదు. ముందు కప్పు మీది మంచు జారి వచ్చి వెనక కప్పు మీద కూచునేది.

వెళ్లిన మొదటి రోజే నాకొక వింత వినిపించింది. పొద్దున్నే గోడ అవతల తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. మళ్లీ ఇంకో తలుపు. అలా ఒకదాని తర్వాత ఒకటి. చివరికి ఆవిడ మా వాటా తలుపు తట్టి, గుడ్ మార్నింగ్ చెప్పి లోపలికొచ్చి, వంటింటి తలుపు, బాత్రూమ్ తలుపు, మామయ్య గదిలో గోడలోనే కట్టిన బట్టల అలమర తలుపు వరుసగా తీసి, వేసి, నవ్వి వెళ్లిపోయింది. మర్నాడూ అంతే.

మన పోపు వాసనలకి ఇల్లు పాడవుతోందేమో చూసుకుంటోందని అమ్మ అనుమానం. వయసు మీద పడ్డవాళ్ల అలవాటు అయ్యుంటుందని మామయ్య. ఏడాదిన్నర నుంచి ఆ ఇంట్లో ఉంటున్నవాడు, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. నాకు మాత్రం కడుపు ఉబ్బిపోతోంది. మూడో రోజు అమ్మ స్నానానికి వెళ్లగానే ఆవిడ వెంటపడి అడిగేశాను.

ఆవిడ కోప్పడలేదు, జవాబూ చెప్పలేదు. "రేపటి నుంచి వెనక వాటా తలుపులు నువ్వు చూడు. తియ్యి, వెయ్యి. ఏ తలుపు ఎలా ఉందో నాకొచ్చి చెప్పు" అంది. పెద్దవాళ్ల పని నాకిచ్చినందుకు పొంగిపోయి, జవాబు రాలేదన్న సంగతే మర్చిపోయాను.

అప్పటిదాకా తలుపంటే తలుపే. పని మొదలుపెట్టాక ఒక్కోదానికి ఒక్కో గుణం ఉందని తెలిసింది. వంటింటి తలుపు సగం దాకా నెమ్మదిగా వచ్చి, తర్వాత దానంతటదే వెళ్లి మూసుకునేది. బాత్రూమ్ తలుపు అడుగున నేలని రాసుకునేది. అలమర తలుపు అన్నిటికంటే తేలిక, చిటికెన వేలితో తోస్తే చప్పుడు కాకుండా పడేది. రోజూ వెళ్లి ఇవన్నీ చెబితే మామ్మ బిస్కెట్టు చేతిలో పెట్టి శ్రద్ధగా వినేది. నేను అడిగిన మిగతా ప్రశ్నలకి కూడా నోటితో తక్కువ, చేత్తో ఎక్కువ జవాబిచ్చేది. కప్పు మీది మంచు ఎంత బరువుంటుందని అడిగితే, వరండా అంచున అప్పుడే కురిసిన మంచుని బకెట్ నిండా నింపి ఎత్తమంది. దూది మూటలా ఒక్క చేత్తో ఎత్తేశాను. దాన్ని స్టవ్ పక్కన పెట్టింది. కరిగాక చూస్తే అడుగున కాసిని నీళ్లు. అంత మంచూ ఇంతేనా అని నేను నోరు తెరిచాను.

ఆ వారమంతా మంచు పడుతూనే ఉంది. తర్వాత ఒక రోజు పొద్దున చలి కాస్త తగ్గి, మంచు మీద సన్నటి వాన మొదలైంది. వాన చూసి అమ్మ సంతోషించింది, ఇక ఇదంతా కరిగి పోతుందని. నేను నా తలుపుల పనిలో పడ్డాను. వంటింటిది మామూలే. బాత్రూమ్‌ది మామూలే. అలమర తలుపు చిటికెన వేలితో తోశాను. రాలేదు. అరచేత్తో తోశాను. పైన చట్రానికి తగిలి ఆగిపోయింది.

అమ్మ స్టవ్ మీద పప్పు పెట్టుకుని ఉంది. "తేమకి చెక్క ఉబ్బి ఉంటుంది, వదిలెయ్" అంది. మామయ్య మంచం మీద నుంచే లాప్‌టాప్‌లోంచి తల తిప్పకుండా "అవునమ్మా, వదిలెయ్" అన్నాడు. నాకెందుకో కాళ్లు ఆగలేదు. ముందు వాటాకి పరిగెత్తాను.

మామ్మ చేతిలో కాఫీ కప్పు కింద పెట్టి వచ్చింది. అలమర తలుపు ఒకసారి తోసింది, రెండోసారి తోసింది. తల ఎత్తి సీలింగ్ వైపు చూసింది. నేనూ చూశాను. అలమర మూల నుంచి వెంట్రుకంత సన్నటి పగులు ఒకటి సాగి ఉంది. ఆవిడ ఏమీ కంగారు పడలేదు. వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆర్పేసి, "కప్పు మీద బరువెక్కువైంది. అందరూ నా వాటాలోకి రండి. ఇప్పుడే. సామాన్లు వద్దు" అంది.

అమ్మకి అర్థం కాలేదు. సగం ఉడికిన పప్పుని, ఆవిణ్ణి మార్చి మార్చి చూసింది. "ఒరేయ్, ఏమంటోందిరా ఈవిడ?" అంది తెలుగులో. మామయ్య అప్పటికే కర్రలు అందుకుంటున్నాడు. "కప్పు మీద బరువెక్కువైందంటోంది అక్కా. నడు." అమ్మ మామయ్య చంక పట్టుకుంది, నేను ముందు తలుపులు తీసి పట్టుకున్నాను.

కప్పులు శుభ్రం చేసే మనిషికి మామ్మ ఫోన్ చేసింది. ఆ వానకి ఊరంతా ఆయనకే ఫోన్ చేస్తున్నారు, మధ్యాహ్నం దాటితే గానీ రాలేనన్నాడు. మామ్మ కోటు వేసుకుని గరాజ్‌లోంచి ఒక పొడుగాటి గొట్టం తెచ్చింది, దాని చివర అడ్డంగా ఒక వెడల్పాటి రేకు ఉంది. నేల మీద నిలబడే చూరు దగ్గరి మంచుని లాగడానికట. అమ్మ కిటికీలోంచి చూస్తూ, ఇంత మెత్తటి మంచుకి ఇల్లేమవుతుందని ఇంకా సందేహపడుతోంది. మామ్మ మొన్నటి బకెట్టులోనే మెట్ల పక్కన వానకి తడిసిన మంచు నింపి అమ్మ చేతికిచ్చింది. అమ్మ భుజం ఒక్కసారిగా కిందికి వాలిపోయింది. బకెట్ దింపి, కప్పు వైపు చాలాసేపు చూసింది. తర్వాత మామయ్య జాకెట్టు, తన సైజు కాని బూట్లు తొడుక్కుని మామ్మ దగ్గరికి నడిచింది.

నన్ను దూరంగా, పక్కింటి కంచె దగ్గర నిలబెట్టారు. అక్కణ్ణించి ఒక్క అడుగు కూడా కదలొద్దని మామ్మ గట్టిగా చెప్పింది. మొదట ఆవిడ లాగి చూపించింది, తర్వాత అమ్మ అందుకుంది. అమ్మకి పని మొదలుపెడితే పూర్తి చేసేదాకా ఆగే అలవాటు లేదు. ఒకే వైపు కప్పంతా అద్దంలా చేసేద్దామని జోరుగా లాగుతోంది. మామ్మ ఆపింది. ఈ వైపు కొంచెం, మళ్లీ ఆ వైపు కొంచెం. ఒక పక్కే ఖాళీ చేస్తే రెండో పక్క బరువు కప్పుని మెలిపెట్టేస్తుందంది. కింది దాకా గోకొద్దంది, కప్పు మీద పరిచిన షింగిల్స్ లేచిపోతాయని. బెత్తెడు మంచు ఉన్నా ఫర్వాలేదంది.

అవి చెబుతూ చెబుతూనే అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజింది. మరుక్షణం పైనుంచి ఒక పెద్ద పలక జారి, అమ్మ నిలబడ్డ చోటే ధబ్బున పడింది. నేల అదరడం నాకు కంచె దగ్గర కూడా తెలిసింది. మామ్మ ఆ చెయ్యి వదలకుండా కాసేపు అలాగే పట్టుకుని, "ఇంకా దూరంగా నిలబడి లాగు" అని మాత్రం అంది. అమ్మ తలూపి, మళ్లీ గొట్టం అందుకుంది.

మధ్యాహ్నం దాటాక, చెప్పినట్టే ఆ కప్పులు శుభ్రం చేసే మనిషి ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చాడు. నడుముకి తాళ్లు కట్టుకుని ఎక్కి, మంచుని ఇటుకల్లా కోసి రెండు వైపులా సమంగా జార్చారు. దిగాక అటకెక్కి టార్చి వేసి చూసి, ఒక దూలం చీలిందనీ, ఇంకో రోజు ఇలాగే ఉండుంటే చెప్పలేమనీ అన్నాడు. ఆ దూలం కిందే మామయ్య మంచం. అమ్మ ఆ మాట విని మామయ్య పక్కన కూచుని, అతని తల నిమురుతూ ఉండిపోయింది.

దూలం బాగుచేసేదాకా మేం ముందు వాటాలోనే ఉన్నాం. మామ్మ పడక్కుర్చీలో మామయ్య, నేల మీద పరుపేసుకుని అమ్మా నేనూ. ప్రశ్నలడిగితే విసుక్కునే అమ్మ ఆ రోజుల్లో మామ్మ పక్కన కూచుని ఎన్ని అడిగిందో. పడకగది పైనే పగులు ఎందుకొచ్చింది, చూరుకి ఐసు ఎందుకు కడుతుంది, నోవైలో మా కప్పుకి కూడా ఇవన్నీ వర్తిస్తాయా? మామయ్య నవ్వాడు. "ఏడాదిన్నరగా ఉంటున్నా, నేనొక్కటీ అడగలేదక్కా" అన్నాడు.

నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. కప్పు కుంగితే ముందుగా తలుపులే బిగుస్తాయని, అందుకే రోజూ చూస్తున్నానని మొదటి రోజే నాకెందుకు చెప్పలేదని వెళ్లే ముందు మామ్మని అడిగాను. ఆవిడ అప్పుడు బంగాళదుంపలు తరుగుతోంది. కత్తి ఆపి, కాస్త ఆలోచించి చెప్పింది. "చెప్పుంటే నువ్వు భయం భయంగా తోసేదానివి, అన్ని తలుపులూ బిగిసినట్టే అనిపించేవి. బాగున్నప్పుడు అవెలా ఉంటాయో నీకు ముందు తెలియాలి. అది తెలియకపోతే బాగోలేనప్పుడు ఎలా తెలుస్తుంది?"

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం పెద్దయ్యాక, ఇంటికి దూరంగా ఉద్యోగానికొచ్చాక తెలిసింది. ఇప్పుడు నేను అమ్మకి రోజూ ఫోన్ చేస్తాను. పనేమీ ఉండదు. ఏం కూర చేశావు, నడకకి వెళ్లావా, పక్కింటివాళ్ల కుక్క ఇవాళ కూడా మొరిగిందా అని అడుగుతాను. నా పిల్లలకి అదొక వింత, రోజూ అవే మాటలు ఎందుకమ్మా అంటారు. అమ్మ కూడా అంటుంది, "నిన్న చెప్పిందే కదే మళ్లీ అడుగుతావు" అని. చెప్పినా సరే, చెప్పమంటాను. అలసట లేని రోజు, దిగులు లేని రోజు, ఊరికే గిన్నెలు సర్దుకుంటూ మాట్లాడే రోజు ఆవిడ గొంతు ఎలా ఉంటుందో నాకు బాగా తెలిసుండాలి.