కొబ్బరి పొట్టు రుచి చూడటానికి పి.గన్నవరం దాకా

నిజం చెప్పేస్తాను, ఈ ప్రయాణానికి కారణం అసూయ. హైదరాబాదులో మా ఆఫీసువాళ్ళం విదేశీ కంపెనీలకు పర్యావరణ నివేదికలు రాసిపెడతాం. ఈసారి నాతోపాటు పనిచేసే మాధవి రాసినదాన్ని మేనేజరు గారు అందరి ముందూ ఆకాశానికెత్తేశారు. నాకొస్తుందనుకున్న టీమ్ లీడ్ కుర్చీ ఆవిడకిచ్చేశారు. ఆ నివేదిక ప్రకారం, కోనసీమలో కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టును, మట్టికి బదులు వాడుకునే విదేశీ నర్సరీలకు అమ్మే ఒక కంపెనీ, అందులో మొక్కలకి పడని ఉప్పును వాననీటితోనే కడిగించి, కాలువ నీళ్ళూ డీజిలూ మిగుల్చుకుని, లాభం కూడా పెంచుకుందట. ఉప్పు పోయిందో లేదో అక్కడి ఆడవాళ్ళు నాలుకతో చెప్పేస్తారట! ఇదంతా కట్టుకథని తేల్చి పైవాళ్ళకి ఉత్తరం రాస్తే ఆ కుర్చీ నాకే వస్తుందని ఆశపడి బయల్దేరాను.

రాజమండ్రిలో ఉదయం ఆరున్నరకి రైలు దిగి, రావులపాలెం మీదుగా వెళ్ళే బస్సెక్కితే తొమ్మిదిన్నరకల్లా అమలాపురం చేరాను. టికెట్టు వందకి కాస్త అటూ ఇటూ. అక్కడి నుంచి పి.గన్నవరానికి బస్సులున్నాయి గానీ, ఆ కంపెనీకి పొట్టు ఇచ్చే పీచు మిల్లు ఊరి బయట ఉంది కాబట్టి నాలుగు వందలకి ఆటో మాట్లాడుకున్నాను.

"పొట్టు చూడ్డానికాండీ? మొన్న వానల్లో ఓ మేడం గారొచ్చేరండి. మోకాళ్ళ దాకా బురదే! మూడ్రోజులూ నా ఆటోలోనే తిరిగేరు," అన్నాడు డ్రైవరు.

ఎవరని అడగక్కర్లేదు. కడుపు మండిపోయింది.

మిల్లు నడిపే సత్యవతి గారు కుర్చీ వేసేలోపే, "కడిగే మోటారు ఎక్కడుందండీ?" అని మొదలుపెట్టాను.

"మోటారెందుకండీ? వానల్లో పరిచేసి పారల్తో తిరగేత్తాం. ఉప్పంతా దిగిపోద్ది."

"దిగిందని ఎలా తెలుస్తుంది? మీటరుందా?"

"ఆయ్, అది కంపెనీవోళ్ళు తెత్తారండి. ఆళ్ళొచ్చేలోపు మాకు నాలికుందిగా!"

నవ్వుతూ రెండు కుప్పల్లోంచి ఒక్కో గుప్పెడు తీసి, రెండు గ్లాసుల్లో నానబెట్టి, ఆ నీళ్ళు నా వేలికి అంటించారు. కడగనిది ఉప్పగా, వగరుగా ఉంది. వానలో తడిసింది చప్పగా ఉంది.

"ఆ అమ్మాయి గారు మొదట్లో తప్పు చెప్పేవారండి. మూడో రోజుకి మాకంటే బాగా చెప్పేరు," అన్నారావిడ.

నేనూ నేర్చుకునేదాన్నే కదా అనిపించి ఏడుపొచ్చినంత పనైంది.

తిరుగు బస్సులో, ఫోన్లో రాసిపెట్టుకున్న ఉత్తరం చెరిపేశాను. అసూయ మాత్రం పోలేదు. మాధవిని తలచుకుంటే ఇప్పటికీ కళ్ళు కుడుతూనే ఉన్నాయి. పర్యావరణం బాగుంటే కంపెనీకీ లాభమేనని ఏసీ గదిలో కూర్చుని ఎన్నేళ్ళుగానో రాస్తున్నాను, ఒక్కసారీ నమ్మలేదు. మీకు చెప్పకుండా దాచింది ఒకటుంది. ఈ నివేదిక పని మేనేజరు గారు మొదట నాకే అప్పజెప్పారు. "వానలు తగ్గాక వెళ్తానండీ" అని తప్పించుకున్నది నేనే.

మీరు వెళ్ళాలనుకుంటే జూలై, ఆగస్టుల్లో పాత చెప్పులు వేసుకుని వెళ్ళండి. వాన లేని రోజున అక్కడ కుప్పలు తప్ప ఏమీ కనబడవు. నేను వెళ్ళిన రోజు ఎండ కాసింది.