గిర్దావర్‌కు మేం చెప్పిన గొప్పలు

మా అమ్మాయికి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చిన వారం రోజులూ ఇంట్లో అందరం మంచివాళ్లమే. ఎనిమిదో రోజు ఫీజు కాగితం వచ్చింది. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆయన ఎయిర్‌పోర్టులో వేరేవాళ్ల కారు నడుపుతాడు. కాగితం జేబులో పెట్టుకుంటే ఫీజు కట్టినట్టు కాదని ఫోన్ చేసి మరీ చెప్పాను. సవారీ ఎక్కిందని పెట్టేశాడు.

ఇక దారులు వెతకడం నా వంతయింది. డిగ్రీ చదివిన కోడలిని కదా, ఈ ఇంట్లో కాగితాల పనులన్నీ నావే. బ్యాంకుకు వెళ్తే లోను ఇస్తామన్నారు, పూచీకి సర్కారు ఉద్యోగిని తెమ్మన్నారు. మా చుట్టాల్లో సర్కారు ఉద్యోగి ఉంటే మీ దాకా ఎందుకొస్తాను, ఆయన్నే అడిగేదాన్ని కదా అన్నాను. మేనేజరు నవ్వలేదు. ఏదో ట్రస్టు వాళ్లు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు గానీ, జీవితంలో పడ్డ కష్టాల మీద రెండు పేజీలు ఇంగ్లిష్‌లో రాసి పంపాలట. మా పిల్ల ఒక పూటంతా కూర్చుని, పైన 'మా అమ్మ నోరు' అని హెడ్డింగ్ పెట్టి అక్కడే ఆగిపోయింది.

మిగిలింది సర్కారు వాళ్ల ఫీజు రీయింబర్స్‌మెంట్. ఫీజు వాళ్లే కడతారు, కానీ ఇంటి ఆదాయం తక్కువేనని తహసీల్దార్ ఆఫీసు సర్టిఫికెట్ ఇవ్వాలి. దరఖాస్తు పెట్టాను. ఎవరో ఇంటికొచ్చి విచారిస్తారన్నారు, ఎప్పుడో చెప్పలేదు. చివరి తేదీ నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఆ సర్టిఫికెట్ రాకపోతే మా పిల్ల సీటు వదులుకుని, మామిడిపల్లి రోడ్డులో గోడౌన్‌కు వెళ్లి అట్టపెట్టెల మీద స్టిక్కర్లు అంటించాల్సిందే. ఆ ఉద్యోగం కూడా అది అప్పటికే అడిగిపెట్టుకుంది, నాకు చెప్పకుండా. ఆ సంగతి తెలిసిన రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి, చంకలో ఫైలు పెట్టుకుని బండి దిగి, ఇంటిని కిందికీ మీదికీ చూసే ప్రతి మనిషీ మాకు ప్లాట్ల బ్రోకరే. బ్రోకరుకు మన అవసరం కనిపించకూడదు. కనిపించిందా, ధర సగానికి దిగుతుంది. అమ్మడానికి మాకున్నది ఇంటి ముందు నాలుగు మంచాలు పట్టే జాగా మాత్రమే. అయినా సరే, ఎవడొచ్చినా మాకేం తక్కువ అన్నట్టే మాట్లాడాలని ఇంట్లో అందరికీ నేర్పింది నేనే. మా అత్తకు మరీ బాగా నేర్పాను.

ఆ పొద్దున నేను వెనక బట్టలు ఉతుకుతుంటే గేటు దగ్గర మాటలు వినిపించాయి.

"ఇల్లు మీదేనా అమ్మా?"

"మాది గాక ఎవరిదయ్యా," అంటోంది మా అత్త. "ఎన్క మూడు రూములు గూడ మాయే. కిరాయికిచ్చినం. గా కారు గూడ మాదే. ఇంకోటి కొంటున్నం."

ఆ కారు మా పక్కింటామెది. దాన్ని మా గేటుకు అడ్డంగా పెడుతుందని ఆరేళ్లుగా ఆమెకూ నాకూ రోజూ గొడవే. చేతుల నురగ కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చాను. నలభై ఏళ్ల మనిషి, చంకలో ఫైలు, చేతిలో కాగితం, అత్త చెప్పేదంతా రాసుకుంటున్నాడు. బ్రోకర్లు ఏదీ రాసుకోరు. నాకు అక్కడే తట్టాలి. తట్టకపోగా, అత్త ఒక్కతే చెబితే చాలదేమోనని నేనూ కలిశాను.

"అన్నా, మేం అమ్మెటోళ్లం గాదు. పైసలకు మాకేం పరేషాన్ లేదు. పహాడీ షరీఫ్ దిక్కు మామిడి తోట గూడ ఉన్నది."

"తోట ఎంతుంటది?"

"గవన్నీ నీకెందుకు. మాకు సరిపోయేటంత ఉన్నది."

అతను అదీ రాసుకున్నాడు. పెన్నుకు మూత పెట్టి, చాలా మర్యాదగా అడిగాడు. "మరి ఆదాయం సర్టిఫికెట్‌కు ఎందుకు పెట్టుకున్నరక్కా?"

సరిగ్గా అప్పుడే మా ఇంటి మీదుగా విమానం వెళ్లింది. అది దాటేదాకా ఎవరం మాట్లాడలేదు. విమానాల వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

వచ్చినవాడు గిర్దావర్. రెవెన్యూ ఆఫీసు తరఫున విచారించి, రిపోర్టు రాసే మనిషి.

"అన్నా, గవన్నీ అబద్ధాలు," అన్నాను.

"ఏవి? దరఖాస్తుల రాసినయా, ఇప్పుడు చెప్పినయా?"

జీవితంలో చాలామందితో వాదించాను గానీ, నా మీద నేనే వాదించుకోవడం అదే మొదలు. అతన్ని వెనక్కి తీసుకుపోయి మూడు రూములూ చూపించాను. ఒకదాంట్లో మేకలున్నాయి. రెండోదాంట్లో కట్టెలు. మూడోదానికి కప్పే లేదు కాబట్టి దాన్ని రూమనడమే తప్పని గట్టిగా చెప్పాను. తోట అంటే మా తమ్ముడి ఇంటి ముందున్న చెట్టు, అదీ కాయదు అన్నాను. మా వెనకే వస్తున్న అత్త ఊరుకుంటే కదా.

"సారూ, గీమె మాటలు పట్టించుకోకు. గీమెకు బేరం చేసుడు రాదు."

"నానమ్మా, సార్ కొనెటాయన గాదు," అంది లోపలినుంచి వచ్చిన మా అమ్మాయి. "నా ఫీజు కోసం వచ్చిండు." అత్త నా వైపు చూసి, ముందే చెప్పొద్దా అన్నట్టు మొహం పెట్టింది.

గిర్దావర్ తల గోక్కున్నాడు. "మీ ఇంట్ల ఎవరి మాట రాయాల్నో నాకు తెలుస్తలేదు. మిమ్ములను ఎరిగినోళ్లు ఎవరన్న చెప్పి సంతకం పెడితే రాస్త."

పిలవాల్సిన పని లేకుండా పోయింది. కారు తమదేనని మా అత్త అన్నప్పటి నుంచీ పక్కింటామె గోడ మీద మోచేతులు ఆనించి నిలబడే ఉంది.

"వీళ్లు మీకు తెలుసా అమ్మా?"

"తెల్వకేంది సార్. ఆరేండ్ల సంది కొట్లాడుతున్నం. గా కారు మాది. వీళ్లకు సైకిల్ గూడ లేదు."

మాకు సైకిల్ ఉంది. చెబుదామని నోరు తెరిచాను. మా అమ్మాయి నా చెయ్యి గిల్లింది.

"ఆమె కట్టుకున్న చీర జూడుండ్రి. నేను గీ ఇంటికి వచ్చిన కాడికెల్లి గదే చీర. మొన్న మా ఇంట్ల చాయ్‌పత్తి తీస్కపోయింది, మళ్ల ఇయ్యలే. ఆయన రాత్రి పగలు మందిని దించుకుంట తిరుగుతడు, కారు ఓనర్‌కు పోను ఏం మిగుల్తది పాపం. ఉన్నదల్ల నోరే సార్. గదానికి ఆదాయం ఉంటే వీళ్లు ఎప్పుడో కోటీశ్వరులు."

చాయ్‌పత్తి మర్నాడే తిరిగిచ్చాను, గిన్నె నిండా. చీర కొని నాలుగేళ్లే అయింది. ఒక్కో మాటకు అరగంట చొప్పున జవాబు చెప్పగలను. గిర్దావర్ నా వైపు తిరిగాడు.

"నిజమేనా అక్కా?"

మా పిల్ల నా చెయ్యి ఇంకా వదల్లేదు.

"నిజమే అన్నా."

"ఏది నిజం?"

"ఆమె చెప్పిందంత."

అతను రాసింది కొట్టేసి, మళ్లీ మొదటినుంచి రాశాడు. పక్కింటామె గోడ మీదే కాగితం పెట్టి, తన పేరు పొల్లుపోకుండా గుండ్రంగా రాసి సంతకం చేసింది. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను ఎన్నడూ చూడలేదు.

సర్టిఫికెట్ చివరి తేదీకి ఒక రోజు ముందు వచ్చింది. అమ్మాయి ఆ సాయంత్రమే దరఖాస్తు పూర్తి చేసి, గోడౌన్ వాళ్లకు ఫోన్ చేసి రానని చెప్పేసింది. నేను కాస్త పాయసం చేసి గోడ మీదుగా అందించాను. థ్యాంక్స్ అనడం నాకు చేతకాలేదు. సైకిల్ ఉన్న సంగతి మాత్రం చెప్పాను.

ఆమె పాయసం రుచి చూసింది. "మల్ల వచ్చే యేడు గూడ గీ సర్టిఫికెట్ కావాల్నా అక్కా?"

"కొత్తది తేవాల్నంట."

"అయితే వచ్చే యేటి దాకా నాతోని జర మంచిగుండు," అని గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఎమ్మెస్సీ రెండేళ్లే, ఎలాగో ఓర్చుకుంటాను. నిన్న మా పిల్ల అన్నం తింటూ పీహెచ్‌డీ అనే మాట ఎత్తింది. వినిపించనట్టు కూర వడ్డించాను.