అందరితో పాటు నవ్విన నాన్న

నా చిన్నప్పుడు సౌదీలోని తబూక్‌లో తెలుగు మాట్లాడే పిల్లల్లో నాలాంటి పిల్ల నేనొక్కదాన్నే. మా అమ్మది గోదావరి జిల్లా, ఆసుపత్రిలో నర్సు. మా నాన్న సూడాన్ నుంచి వచ్చి అదే ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవాడు. నాకు రంగూ జుట్టూ నాన్నవి వచ్చాయి, నోరు మాత్రం అమ్మది. ఆ నోటి ధాటికి మా ఇంట్లో అందరూ దండం పెట్టేవాళ్లు.

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒక నాయకుడు మైకు ముందు ఇంకొకరి ఒంటిరంగు మీద జోకు వేస్తుంటాడు. మర్నాడు అదే రంగున్న పిల్లనెవరినో చంకనెత్తుకుని ఫొటో దిగుతాడు. చూసిన ప్రతిసారీ నాకు కాలు నిలవదు. యాభై దాటిన మనిషిని, బీపీ మాత్ర వేసుకుని ఓ మూల కూర్చోవచ్చు కదా! కూర్చోలేను. వంటగదికీ హాలుకీ మధ్య తిరుగుతూనే ఉంటాను. ఈ తిరుగుడు ఎప్పుడు మొదలైందో కూడా నాకు బాగా తెలుసు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఇండియా నుంచి ఒక పెద్ద నాయకుడు వస్తున్నాడని, తబూక్ తెలుగువాళ్లంతా కలిసి ఊరి బయట ఒక తోట, అందులోని బంగళా అద్దెకు తీసుకుని సభ పెట్టారు. స్వాగతగీతం పాడే పని నాకు అప్పగించారు. వారమంతా ఆ పాటతో ఇంట్లో వాళ్ల చెవులు చిల్లులు పడేట్టు చేశాను. తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మా నాన్న ప్రతిసారీ చప్పట్లు కొట్టేవాడు. నాకు ఆ పాట మీద అంత ఆశ ఎందుకో అమ్మకు తెలుసు. ఒక్కసారి అందరి ముందూ పాడితే ఇక నన్నెవరూ వింతగా చూడరని నా నమ్మకం.

సభ మొదలయ్యే ముందు సంఘం సెక్రటరీ అంకుల్ మా అమ్మను పక్కకు పిలిచాడు. మంచి మనిషే, మా ఇంట్లో భోజనం చేసినవాడే. "ఫొటోలు ఇండియా పేపర్లకి వెళ్తాయి సిస్టర్. పాప కాస్త వేరేగా కనపడుద్ది కదా. పాట ఇంకో పిల్ల చేత పాడిద్దాం, ఏమీ అనుకోకండి," అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఇక ఈ తెలుగువాళ్ల మధ్యకు ఎప్పటికీ రాకూడదనే ఆ నడక.

గుమ్మంలో మా పెద్దమ్మ అడ్డం పడింది. అమ్మకు అక్క, తనూ అక్కడే నర్సు. అమ్మ పెళ్లప్పుడు అందరికంటే గట్టిగా వద్దన్నదీ ఆవిడే. అమ్మ చెప్పింది విని, నా చేతిలో గహ్వా కూజా పెట్టింది. గహ్వా అంటే యాలకుల వాసనతో పచ్చగా ఉండే అక్కడి కాఫీ. చిన్న కప్పులో అడుగున కాస్తే పోస్తారు. అతిథి ఖాళీ కప్పును కొంచెం ఊపితే చాలని అర్థం. ఊపనంతసేపూ పోస్తూనే ఉండాలి, పోసేవాళ్లు ఎదుటే నిలబడి ఉండాలి. మా ఇంటికి ఎవరొచ్చినా నాన్న నా చేతే పోయించేవాడు కాబట్టి నాకది అలవాటే.

"పాట పాడితే ఆయన ఫొటోగ్రాఫర్ వంక చూస్తాడే. కాఫీ పోస్తే నీ వంక చూడక చస్తాడా? కప్పు ఊపేదాకా ఆగమాక," అంది పెద్దమ్మ.

మగవాళ్లు పెద్ద గదిలో కూర్చున్నారు. ఆడవాళ్లు పక్క గదిలో, తెర వెనక ఉన్నారు. నాయకుడి పక్కన తోట యజమాని, ఒక సౌదీ పెద్దాయన. వెనక వరసలో మా నాన్న, ఇస్త్రీ చొక్కాలో. నేను పోశాను, నాయకుడు తాగాడు. మళ్లీ పోశాను, కప్పు ఊపాలని తెలియక మళ్లీ తాగాడు. సెక్రటరీ అంకుల్ కళ్లతోనే నన్ను అవతలికి పొమ్మంటున్నాడు గానీ, అతిథికి పోస్తున్న చెయ్యిని ఆపితే ఆ సౌదీ పెద్దాయనకు కోపం వస్తుందని భయం. ఆ పెద్దాయనేమో నా వంక మెచ్చుకోలుగా చూస్తూ తలాడిస్తున్నాడు. చేదు కాఫీ తాగలేక నాయకుడి ముఖం ముడుచుకుపోతోంది.

"ఏంటయ్యా ఇది? ఈ నల్లపిల్లని ఎక్కణ్నుంచి పట్టుకొచ్చారు? లైటు తీస్తే కూజా ఒక్కటే కనపడేట్టుంది," అన్నాడు చివరికి, తెలుగులో, నా తల మీదుగా.

గదంతా ఘొల్లుమంది. నేను వెనక్కి తిరిగి చూశాను. అందరూ నవ్వుతున్నారు కదా అని, వెనక వరసలో మా నాన్న కూడా మర్యాదకు నవ్వుతున్నాడు.

ఆ ముఖం చూశాక నాకు ఏడుపు రావాలి. రాలేదు, నోరొచ్చింది. "కప్పు ఊపండి తాతగారూ, అప్పుడు ఆపేత్తాను," అన్నాను.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. నాయకుడు మాత్రం రెప్పపాటులో తేరుకున్నాడు. ఫొటోగ్రాఫర్ ఎక్కడున్నాడో చూసి, నన్ను ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. "చూశారా, మన తెలుగు ఎక్కడిదాకా వచ్చిందో! ఇది మన బిడ్డ!" అన్నాడు. చప్పట్లు మోగాయి. "పాట కూడా పాడుద్దండీ," అన్నాడు సెక్రటరీ అంకుల్, ఇందాకటి సంగతేమీ జరగనట్టు. "ఏదీ, పాడమ్మా!" అన్నాడు నాయకుడు.

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు పొంగిపోయింది. ఆయన మెడలో దండ పూలు నా బుగ్గకు తగులుతున్నాయి, అందరి కళ్లూ నా మీదే. నోరు తెరిచాను కూడా.

"అది పాడదండీ." తెర తీసుకుని పెద్దమ్మ గడప దాటి మగవాళ్ల గదిలోకి వచ్చేసింది.

"సిగ్గు పడుతుందేమోలే అమ్మా," అన్నాడాయన.

"సిగ్గు కాదండీ. ఇందాక మీరన్న మాట దానికి అర్థమైంది." ఆ మాటను ఆవిడ గొంతు పెంచకుండానే అంది. నా చెయ్యి పట్టి ఒళ్లోంచి దింపి తీసుకుపోయింది. అప్పుడు తీసిన ఫొటోలో నా ముఖం కదిలిపోయి వచ్చిందట. చాలా ఏళ్లు పెద్దమ్మ మీద నాకు కోపం పోలేదు. వారమంతా కోరుకున్నది చేతికి అందాక లాగేసింది కదా! ఆవిడ చేసింది సరైనదేనని ఇప్పుడు తెలుసు. తెలిసినా ఆ పాట గొంతులో అలాగే అడ్డంపడి ఉంది.

ఇంటికి వస్తూ దారిలో మా నాన్న కారు నడుపుతూ అరబీలో అడిగాడు, ఆ పెద్దమనిషి ఏమన్నాడని అందరూ అంతగా నవ్వారని. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ తడుముకోకుండా చెప్పింది: "ఇంత మర్యాదగా కాఫీ పోసే పిల్లని మా దేశం తీసుకుపోతానన్నాడు." మా నాన్న మళ్లీ నవ్వాడు. "మరి పాట ఎందుకు పాడలేదు?" అని నన్నడిగాడు. "గొంతు నొప్పి," అన్నాను. గదినిండా మగవాళ్ల ముందు నిజం చెప్పిన మనిషి, కారులో ఒక్కడి కోసం అబద్ధం ఎందుకు ఆడిందో నాకెవరూ విడమరిచి చెప్పలేదు. ఆవిడ పక్కనే కూర్చుని నేనూ ఆడేశాను, అంతే.

మా నాన్న ఆ మాట నమ్మాడో లేదో ఆయన పోయేదాకా అడగలేకపోయాను. కానీ ఆ రోజు తర్వాత మా ఇంట్లో తెలుగువాళ్లు ఎప్పుడు పగలబడి నవ్వినా, ఆయన ముందు నా ముఖం వంక చూసేవాడు. నేను నవ్వుతుంటేనే నవ్వేవాడు.

ఇప్పుడు ఆసుపత్రిలో నా డ్యూటీ గదిలో నాకు రాని భాషలు ఎన్నో వినపడతాయి. నలుగురు చేరి నవ్వుతుంటే నేను వెంటనే నవ్వను. అక్కడ పిల్లలెవరైనా ఉన్నారేమోనని వెతికి, ముందు వాళ్ల ముఖం చూస్తాను.