గుండు ఎలుగుబంటికి బొమ్మలు రాసిన లోకేశ్వరి

శ్రీకాళహస్తిలో బొమ్మ వేయరు, రాస్తారు. బట్ట మీద వెదురు కలంతో పనిచేసే కలంకారీ ఇళ్ళలో ఆ మాట ఇంకా అట్లాగే ఉంది. ఏం చేస్తున్నావని అడిగితే "సీతమ్మను రాస్తా ఉండా" అంటారు. లోకేశ్వరి అలాంటి ఇంట్లో పుట్టింది. తిరుపతి చుట్టుపక్కల బడుల్లో పిల్లలు చింపి చింపి చదివిన గుండు ఎలుగుబంటి పుస్తకానికి బొమ్మలు రాసింది ఈమే. చింపి చింపి అన్నది పొగడ్తే. అట్ట నలగని పిల్లల పుస్తకం పిల్లల చేతికి అందనిదే అయి ఉంటుంది.

ఆమె తండ్రి మునిరామయ్య రామాయణం రాసేవాడు. కరక్కాయ రసంలో, బర్రెపాలలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, బెల్లమూ తుప్పు ఇనుమూ పులియబెట్టిన నల్లరంగుతో గీత గీసేవాడు. ఆయన పనికి రెండు కట్టుబాట్లు. బట్ట మీద ఖాళీ మిగలకూడదు. పువ్వో తీగో చుక్కో పడాలి. ప్రతి బొమ్మ నెత్తిన చిన్న పట్టీ గీసి అందులో పేరు రాయాలి. రాముడు, వాలి, తార. చూసేవాళ్ళకు తెలిసినా సరే, తెలియకపోయినా సరే.

ఇంత శ్రద్ధగా అందరికీ పేర్లు పెట్టిన మనిషి తన పేరు మాత్రం ఎక్కడా రాసుకోలేదు. బట్ట మూలన దాన్ని కొని అమ్మే దుకాణం వాళ్ళ ముద్ర పడేది. దీన్నే భక్తి అనీ, అహంకారం లేని కళ అనీ సదస్సుల్లో మెచ్చుకుంటారు. ఆ అహంకారం దుకాణానికి మాత్రం ఎందుకు ఉండవచ్చో అక్కడ ఎవరూ అడగరు.

లోకేశ్వరి ఎనిమిదో తరగతిలో ఉండగా బస్టాండు పక్కన పుస్తకాల వ్యాను ఆగింది. లోపలన్నీ మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. మునిరామయ్య కమ్యూనిస్టు కాదు, ఏ పార్టీ సభకూ పోయిన మనిషి కాదు. ఒక అట్ట మీద కోటు తొడుక్కున్న ఎలుగుబంటిని చూసి ఆగిపోయాడు. ఒంటి మీద వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీత పెట్టి గీశారు. కొని ఇంటికి తెచ్చి కూతురి ముందు పెట్టాడు.

"ఎవుడో గాని సెయ్యి తిరిగినోడు. సూడు మే, ఈ బొచ్చు సూడు."

లోకేశ్వరి చూసింది బొచ్చును కాదు, ఎలుగు చుట్టూ ఉన్న తెలుపును.

"ఈడంతా ఏమీ రాయలేదేంది నాయనా?"

"మంచు అంట. కింద అచ్చేసినారు సూడు."

కాళహస్తిలో మంచు అంటే మార్గశిర మాసం పొద్దున స్వర్ణముఖి మీద కమ్ముకునే పొగ. అది ఇంత తెల్లగా ఉండదు, ఎలుగుబంటి పాదాలు అందులో దిగబడవు. పాపం, వాళ్ళకు రంగు అయిపోయి ఉంటుందని ఆ పిల్ల తీర్మానించుకుంది. బట్టముక్క మీద ఆ బొమ్మను మళ్ళీ రాస్తూ, ఖాళీ అంతా తామరపూలతో నింపింది. మునిరామయ్య చూసి ఇప్పుడు బాగుందన్నాడు.

తర్వాత ఆమె మొదటి పేజీ తిప్పింది. "బొమ్మలు" అని ఉంది. దాని పక్కన నోరు తిరగని పొడవాటి పేరొకటి.

"ఇదెవురు నాయనా, కత రాసినోడా?"

"కత రాసినోడు పైన ఉండాడు గదా. వీడు బొమ్మ రాసినోడు."

"బొమ్మ రాస్తే పేరేస్తారా?"

"వాళ్ళ దేశంలో యేస్తారేమో లే," అని మునిరామయ్య కలం చేతికి తీసుకున్నాడు.

ఆ పుస్తకాల గురించి ఇప్పటికీ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకరు తలుచుకుని కళ్ళు తుడుచుకుంటారు, మరొకరు అదంతా ప్రచారమని కొట్టిపారేస్తారు. ఇద్దరితోనూ విసుగే. పిల్లల పుస్తకానికి బొమ్మలు వేయడాన్ని ఆ సమాజం చిల్లర పని అనుకోలేదు. దానికి జీతం ఇచ్చింది, మంచి కాగితం ఇచ్చింది, మంచి అచ్చు ఇచ్చింది, వేసినవాడికి పేరు ఇచ్చింది. తాము వేయదలచినదాన్ని వేసే అనుమతి దొరకని చిత్రకారులు కొందరు పిల్లల పుస్తకాల్లో తలదాచుకున్నదీ ఆ సమాజంలోనే. ఎలుగుబంటి కోటు రంగు గురించి సంజాయిషీ అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి. రెండూ నిజాలే. కాళహస్తి పిల్లకు రెండూ తెలియవు. ఎక్కడో ఒకచోట బొమ్మ రాసినవాడి పేరు కత రాసినవాడి పేరు కిందే, అదే సైజు అక్షరాల్లో, అచ్చవుతుందని మాత్రం తెలిసింది. ఆ పేజీలో తన పేరు చూసుకోవాలన్న కోరిక అప్పుడు పట్టుకుంది. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, అది వదల్లేదు.

తర్వాత ఆ దేశం ముక్కలయింది. వ్యాను రావడం మానేసింది. అప్పటికి లోకేశ్వరి తిరుపతిలో కాపురం ఉంటోంది. భర్త ధనశేఖర్ తిరుమల ఘాటు బస్సులో కండక్టరు. రంగు ఉడికించి బట్ట ఉతకాల్సి వచ్చినప్పుడు కాళహస్తికి పోయి తండ్రి దగ్గర చేసుకునేది. మిగతా పని ఇంట్లోనే.

ఊళ్ళో కొందరు పంతుళ్ళు, లెక్చరర్లు ఒక సంఘంగా కూడి, ఇక మన పిల్లల పుస్తకాలు మనమే వేసుకోవాలని అనుకున్నారు. వాళ్ళ కార్యదర్శి సుబ్రమణ్యం, కాలేజీలో తెలుగు చెప్పేవాడు. మంచివాడు, కొంచెం ఎక్కువ మంచివాడు. కత ఆయనే రాశాడు. శేషాచలం అడవిలో ఒక ఎలుగుబంటి ఎండలకు తట్టుకోలేక మెట్లెక్కి తిరుమలకు పోతుంది, వరుసలో నిలబడి గుండు చేయించుకుంటుంది, ఒళ్ళంతా. చల్లగా దిగి వస్తే కన్నతల్లి గుర్తుపట్టదు. చివరికి తేనెపట్టు కనపడగానే ఆగలేని దాని ఆత్రం చూసి గుర్తుపడుతుంది.

సుబ్రమణ్యం ఆ కత పట్టుకుని లోకేశ్వరి ఇంటికి వచ్చాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన ధనశేఖర్ విని పడీ పడీ నవ్వాడు.

"నిజమే సార్. పైకి పొయ్యేటప్పుడు ఒక్కొక్కరిదీ ఒక్కో మొగం. దిగేటప్పుడు బస్సు నిండా ఒకటే మొగం. నిన్న ఒకాయప్ప వేరేవాళ్ళ పెండ్లాం పక్కన కూసున్నాడు. ఆయమ్మ కూడా కనుక్కోలా."

లోకేశ్వరి నవ్వలేదు. "రాస్తా సార్. ఒకటి అడగల్ల. పుస్తకంలో నా పేరు యేస్తారా?"

సుబ్రమణ్యం ఇబ్బందిపడ్డాడు. "మా సంఘంలో ఎవరి పేరూ వెయ్యమమ్మా. కత నాదే, నా పేరూ ఉండదు. ఇది అందరి పని."

"మీ పేరు మీ కాలేజీ బోర్డు మీద ఉండాది గదా సార్. నాది రేషన్ కార్డు మీద కూడా తప్పుగా ఉండాది."

ఆమె లోపలికి పోయి మాస్కో పుస్తకం తెచ్చింది. మొదటి పేజీ తిప్పి ఆయన ముందు పెట్టింది.

"అంతా అందరిదీ అన్న దేశంలోనే బొమ్మ రాసినోళ్ళ పేరేసినారు. మీరు వాళ్ళ కంటే పెద్ద సోషలిస్టులా?"

ధనశేఖర్ టీ గ్లాసు కింద పెట్టి, మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి పోయాడు. సుబ్రమణ్యం సంఘంలో అడిగి చెబుతానన్నాడు. అడిగాడు కూడా. సంఘం కుదరదంది. ఒకరికి పేరు వేస్తే రేపు కాగితం మోసినవాడికీ వెయ్యాలని ఎవరో వాదించారట. వేస్తే పోయేదేముందో ఎవరూ చెప్పలేకపోయారు, కానీ తీర్మానం తీర్మానమే.

లోకేశ్వరి పని మానుకోలేదు. "బొమ్మలు నా పద్ధతిలో రాస్తా, ఒప్పుకుంటారా?" అని మాత్రం అడిగింది. అది అడిగినందుకు సుబ్రమణ్యం ఆశ్చర్యపోయాడు. పద్ధతికి అడ్డం చెప్పేదేముందని ఒప్పుకున్నాడు.

బొమ్మలు వచ్చిన రోజు సంఘంలో గగ్గోలు. ప్రతి బొమ్మ నెత్తిన పట్టీ, పట్టీలో పేరు. ఎలుగుబంటి మీద ఎలుగుబంటి అని ఉంది. మెట్టు మీద మెట్టు అని ఉంది. కోతి చేతిలోని కొబ్బరి చిప్ప మీద కొబ్బరి చిప్ప అని ఉంది. పిల్లల పుస్తకంలో బొమ్మ వేరు, అక్షరం వేరు, ఈమెకు ఆ సంగతి తెలియలేదని ఒకాయన తల పట్టుకున్నాడు. నిజమే, తెలియలేదు. పేరు లేని బొమ్మ సగం బొమ్మేనని పుట్టింట్లో నేర్చుకున్న మనిషి ఆమె. తెల్లకాగితం అంటించి పట్టీలన్నీ మూసేద్దామన్నారు.

సంఘంలో చంద్రకాంతమ్మ అనే పెద్ద టీచరు ఉండేది. ముందు నా బడిలో చూపిస్తానని పట్టుకుపోయింది. సగం బొమ్మలకు పట్టీలు మూసి చూపించింది. గుండు కొట్టిన ఎలుగును ఒకడు పంది అన్నాడు, ఇంకొకడు వాళ్ళ మామ అన్నాడు. కాగితం తీసేసరికి గది మొత్తం ఒక్క గొంతుతో "ఎ-లు-గు-బం-టి" అని కూడబలుక్కుంది. తల్లి కూడా గుర్తుపట్టని ఎలుగు తమకు తెలిసిపోయినందుకు వాళ్ళకు పట్టరాని గర్వం. అక్షరం రానివాళ్ళు కూడా కొబ్బరి చిప్పను చదివేశారు. పట్టీలు ఉండి తీరాలని చంద్రకాంతమ్మ వచ్చి చెప్పింది. ఆవిడ చెప్పాక సంఘంలో ఎవరూ మాట్లాడరు.

ఇక బొమ్మలు ప్రెస్సుకు పోవాలి. ముందు రోజు సుబ్రమణ్యం ఆఖరిసారి వాటిని తిరగేస్తూ గుండ్ల వరుస ఉన్న బొమ్మ దగ్గర ఆగాడు. పేజీ నిండా జనం. క్షురకుడి మీద చిన్నబ్బ అని ఉంది. మూడో వరుసలో ముసలమ్మ మీద సుబ్బులమ్మ. మూలన నేల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది, తలనిండా జుట్టు, చేతిలో కలం. నెత్తిన పట్టీలో, మిగతా వాళ్ళ పేర్లున్న సైజులోనే, లోకేశ్వరి.

ఆయన ఆ బొమ్మ పట్టుకుని సైకిలెక్కి నేరుగా లోకేశ్వరి ఇంటికి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? సంఘం వద్దనింది గదా."

"సంఘం మొదటి పేజీలో వద్దనింది సార్. ఇది ఆ పేజీ కాదు."

"పేరు పేరే గదమ్మా."

"అందరికీ ఉండాది సార్. చిన్నబ్బకు ఉండాది, కోతికి ఉండాది, కొబ్బరి చిప్పకు ఉండాది. ఇంతమందికి పేరు రాసి నేనొకతే పేరు లేకుండా కూసోవల్లనా?"

సుబ్రమణ్యం బొమ్మలోని పట్టీలను ఒక్కొక్కటిగా మళ్ళీ చూశాడు.

"తీసెయ్యమంటే తీసేస్తా," అంది లోకేశ్వరి. "అన్నీ తీసేస్తా. ఒకరిది ఉంచి ఒకరిది తియ్యడం మా పనిలో లేదు. ఆమీట మీ ఎలుగుబంటిని మీరే కనుక్కోండి."

వాకిట్లో యూనిఫారం ఆరేస్తున్న ధనశేఖర్ అందుకున్నాడు. "సార్, ఆయమ్మ మాట మీద ఉంటాది. నేను పదేండ్లుగా సూస్తా ఉండా. ఎలుగుబంటిని కాపాడుకోండి."

సుబ్రమణ్యానికి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే తీర్మానం పోయింది. "సరే, ఉండనీ. అట్లయితే నన్ను కూడా ఆ వరుసలో నిలబెట్టమ్మా. సంఘం అడిగితే ఇద్దరమూ తిట్లు తిందాం."

ఆమె అప్పటికప్పుడు కలం ముంచి, వరుస చివర చుక్కలు మాత్రమే పెట్టిన చోట ఒక మనిషిని రాసింది. కళ్ళజోడు, సంచి, నున్నటి గుండు. నెత్తిన పట్టీ గీసి ఆపేసింది.

"పేరు రాయలేదే?"

"మీకు వద్దు గదా సార్."

పుస్తకం అట్లాగే అచ్చయింది. సుబ్రమణ్యం నెత్తిన పట్టీ ఖాళీగా ఉంది. మొదటి పేజీలో ఎవరి పేరూ లేదు. సంఘంలో ఆ మూల బొమ్మను ఎవరైనా చూశారో, చూసి ఊరుకున్నారో తెలియదు. పిల్లలు మాత్రం చూశారు. ఖాళీ పట్టీ చూస్తే ఆగలేని జాతి వాళ్ళది. చంద్రకాంతమ్మ బడిలో ఏ ప్రతి తెరిచినా కళ్ళజోడు గుండు మీద ఒక పేరు ఉండేది. వంశీ. దాన్ని కొట్టేసి మహిత. దాని మీద ఇంకొకరు. బొమ్మ ఎవరు వేశారని వాళ్ళను అడిగితే మూలన వేలు పెట్టి చూపించేవాళ్ళు.

బెంగళూరు బజార్లలో కలంకారీ చీరలు దుకాణాల పేర్లతో తిరుగుతున్న కాలమది. ఇంత పెద్ద కళ పుట్టిన ఊరి ఆడమనిషి ఒకతె, పేరు పెట్టుకోవడాన్ని ఇంత సులువైన పనిగా చేసి చూపించింది. ప్రతి బొమ్మకూ పేరుండాలన్న తండ్రి కట్టుబాటునే తన దాకా లాగింది, అంతే. ఆమెను అణకువ గల కళాకారిణి అని ఎవరైనా పొగిడితే అది అబద్ధం. అణకువ లేకపోవడమే ఆమెలో మొదట మెచ్చుకోవలసింది.

మొదటి ప్రతుల్లో ఒకటి పట్టుకుని లోకేశ్వరి కాళహస్తికి పోయింది. మునిరామయ్యకు అప్పటికి చూపు మందగించింది. పుస్తకాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని పేజీ పేజీ చూశాడు. ఎలుగు బొచ్చు దగ్గర ఆగి, ఫరవాలేదన్నాడు. గుండ్ల వరుస వచ్చింది. అలవాటు కొద్దీ పట్టీలు చదువుకుంటూ పోయాడు. చిన్నబ్బ. సుబ్బులమ్మ. మూల దగ్గరికి వచ్చి మెల్లగా, "లో-కే-శ్వ-రి" అన్నాడు. ఇంకొకసారి అన్నాడు. తర్వాత వేలు జరిగి కళ్ళజోడు గుండు మీద నిలిచింది.

"ఈడ మర్చిపోయినావు మే."

"మర్చిపోలేదు నాయనా. అది సదివేవాళ్ళకి."

"ఖాళీ పెట్టగూడదని నీకు చెప్పలా?"

ఆయన పక్కనే ఉన్న కుండలో కలం ముంచాడు. రాముడికీ వాలికీ తారకూ పేర్లు రాసిన ఆ అక్షరాలతోనే, ఆ పట్టీలో "మునిరామయ్య" అని రాశాడు. బట్టకు అలవాటైన రంగు, కాగితం మీద చెమర్చి పట్టీ దాటి పాకింది.

"పాడు కాగితం," అని ఆయన విసుక్కున్నాడు. ఆరేదాకా పుస్తకం ముయ్యనివ్వలేదు.